ఎవాల్డ్ ఊపిరితిత్తిని కడిగిన నీళ్లు

సిలేసియా బొగ్గుగనిలో పనిచేసి రిటైరైన ఎవాల్డ్‌కి పందెపు పావురాలంటే ప్రాణం. దగ్గు పట్టుకోగానే భార్య త్రూదా పట్టుబట్టి వాటన్నిటినీ అమ్మించేసింది. ఏడాది గడిచినా దగ్గు తగ్గలేదు. అంతా బొగ్గు మహిమేనని అతగాడు బుకాయిస్తూ వచ్చాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఊపిరితిత్తి ముక్క కోసి చూడటానికి కత్తి ముట్టలేదు. ముక్కులోంచి సన్నగొట్టం దింపి, ఊపిరితిత్తిని ఉప్పునీళ్లతో కడిగి, ఆ నీళ్లనీ కాస్త రక్తాన్నీ పరీక్షించింది.

"ఇది బొగ్గు కాదు, పావురాల ధూళితో వచ్చిన వాపు. ఇంకా వాటి దగ్గరికి వెళ్తున్నారు కదూ?"

త్రూదా లేచి నిలబడింది. "ఆదివారం ఆదివారం చర్చికని పోయేది పక్కవీధి పావురాల గూటికా? చొక్కా ఇస్త్రీ చేసి మరీ పంపానే!"

ఎవాల్డ్ డాక్టరమ్మకి దణ్ణం పెట్టాడు. "నన్ను కోసే చూడండమ్మా! మత్తులో ఉంటే ఈవిడ తిట్లయినా వినపడవు."