వంక ఇసుకలో క్రూడాయిలు

మొన్న పేపర్లో, ఓడ పగిలి నూనె కారి నల్లబడిన సముద్రపొడ్డు బొమ్మ వేశారు. రెండు వానలు పడితే అదే పోతుందని మా అల్లుడు తేల్చేశాడు. పోదు. సముద్రం నేను చూసింది తక్కువే గానీ, నూనె తాగిన ఇసుక సంగతి నాకు బాగా తెలుసు.

పంతొమ్మిది వందల యాభైల్లో, డోన్‌కు ఆమడ దూరంలోని మా ఊరికి వంక ఇసుకే మంచినీళ్ల బావి. ఏరు ఎండిన వేసవిలో మూరెడు లోతు చెలమ తవ్వితే కాసేపటికి తేట నీళ్లు ఊరేవి. ఆ గట్టునే మా నాయన చేనికి నీళ్లు తోడే ఆయిలింజను పెట్టించాడు. దాన్ని నడిపే సాయిబును నేను మామా అని పిలిచేవాణ్ణి. ఇంజను మీద చెయ్యి వేసి, దానికి జ్వరమొచ్చిందనీ, కాసేపు పడుకోనిమ్మనీ చెప్పే మనిషి. నాకప్పుడు ఇరవై రెండేళ్లు, కొత్తగా పెళ్లయింది. డోన్ స్టేషన్ నుంచి ఇంజనుకు పోసే క్రూడాయిలు, వారానికి రెండు పీపాలు, బండి మీద తేవడం నా పని. "బాట మీదనే చుట్టు తిరిగి రాప్పా, ఇసుకలో దిగొద్దు" అని మామ ప్రతిసారీ చెప్పేవాడు. ఒక మధ్యాహ్నం ఆకలి మీద, చెలమలకు ఎగువన, వంకకు అడ్డంగా తోలాను. చక్రం కూరుకుపోయింది, ఒక పీపా దొర్లింది, బిరడా ఊడింది. చూస్తుండగానే నూనెంతా ఇంకిపోయింది. ఏరును మింగే ఇసుక దీన్నీ మింగేస్తుందనుకుని, పైన మంచి ఇసుక కప్పి, ఆ వారం ఒక్క పీపానే వచ్చిందని ఇంట్లో చెప్పాను.

పది రోజులకు చెలమల్లో రంగులు తేలాయి. "నీ ఇంజను తాగినంత తాగి, మిగిలింది మాకు పోస్తాండావా సాయిబూ?" అంది మా చిన్నమ్మ, కడవ బోర్లించి. "నా ఇంజను కారలేదమ్మా. యాడ పడిందో తెలిస్తే ఆ ఇసుక ఒక పూటలో తవ్వి పారేద్దుము" అన్నాడు మామ. నేను ఆ పక్కనే ఉన్నాను. చోటు చూపించలేదు. మామ పని పోయింది, డోన్‌లో మూటలు మోయడానికి వెళ్లిపోయాడు. ఊరు మైలు దూరం నుంచి నీళ్లు మోసుకుంది.

వానలకు పై ఇసుక తెల్లబడితే అందరం సంబరపడ్డాం. వేసవిలో తవ్వితే కింద అదే వాసన. ఆ ఏడు కప్ప అరవలేదు. మామ మాత్రం ఏటా వేసవిలో నడిచొచ్చి, చెలమ తవ్వి, పిడికెడు ఇసుక ముక్కు దగ్గర పెట్టుకుని చూసి పోయేవాడు. "నా పేరు మీద చెడింది గదప్పా, చూసుకోవాల" అనేవాడు. మూడో ఏట నీటిపురుగులు వచ్చాయి. ఐదో ఏట తుంగ మొలిచింది గానీ, పీకితే దాని వేళ్లు నల్లగా ఉండేవి. ఏడో వేసవికి నీళ్లు బాగుపడ్డాయి. మామ దోసెడు తాగి చూసి, చిన్నమ్మ కడవ తానే నింపాడు. "పోనీలే సాయిబూ, నీ తప్పు వానలు కడిగినాయి" అంది చిన్నమ్మ. ఆయన నవ్వి కడవ ఆమెకు అందించాడు. అప్పుడూ నేను నిజం చెప్పలేదు.

మామ చనిపోయి ఇప్పటికి నాలుగేళ్లయింది. ఇదంతా రాసి, మొదట చిన్నమ్మకే చదివి వినిపించాను. "ఆయప్ప కొడుకు డోన్‌లోనే ఉండాడు గదరా. నువ్వు కాగితంలో రాస్తే వానికెట్ల తెలుస్తాది? పోయి చెప్పు" అంది. రేపు పొద్దున బస్సుకు పోతున్నాను. కాలం వంకను బాగుచేసింది. నేను చెప్పాల్సిన మాటను మాత్రం నా బదులు అది చెప్పదు.