మట్టికి ఇవ్వాల్సిన ముక్క

కోడిగుడ్డు తెల్లసొనతో మనిషి జబ్బు కనిపెడతామంటే మా ఊళ్ళో ఒక్కరూ నమ్మలేదు. "అట్లేసుకునే గుడ్లతో ఏందే మీ ఆటలు?" అని మా నాన్నే నవ్వాడు. ఎనభైల మొదట్లో నేను నరసరావుపేటలో ఒక చిన్న ల్యాబులో టెక్నీషియన్‌ని. ల్యాబంటే ఒక డాక్టరుగారు, ఒక మైక్రోస్కోపు, నేను. రోగుల ఒంట్లోంచి తీసిన ముక్కను మైనంలో బిగించి, పొరలుగా కోసి, గాజుపలక మీద పరిచి, రంగులు వేసి ఆయన ముందు పెట్టడం నా పని. పొర గాజుకు అంటుకోవాలంటే తెల్లసొన, గ్లిజరిన్ కలిపి ముందు పలకకు పూయాలి. కోసిన పొర ఎంత పలచనంటే గట్టిగా ఊపిరి వదిలితే ఎగిరిపోతుంది. నాకసలే నోరు ఊరుకోదు. కత్తి దగ్గర కూర్చున్నంతసేపూ మాట్లాడొద్దని డాక్టరుగారి ఆజ్ఞ.

ల్యాబుకు గుడ్లు పిన్ని ఇచ్చేది. నేను అద్దెకున్న ఇంటి ఇల్లాలు ఆమె. ముస్లింల కుటుంబం. భర్త ఆయిలింజన్లు బాగుచేసే మెకానిక్కు. ఆయన తల్లిని వీధి వీధంతా దాదీ అనేది కాబట్టి నేనూ అదే పిలుపు. పెరట్లో పది కోళ్ళు. వాటికి నాకన్నా క్రమశిక్షణ ఎక్కువని దాదీ రోజుకోసారి దెప్పేది.

ఒకరోజు పొద్దున గుడ్లు చేతిలో పెడుతూ పిన్ని గొంతు తగ్గించింది.

"అమ్మాయ్, నాకు ముట్లుడిగి మూడేళ్ళయింది గదా. మళ్ళీ కనపడతాంది. వేడి చేసిందేమోలే, మజ్జిగ తాగతన్నా."

మజ్జిగతో పోయే ఎరుపు కాదది. ఎన్ని నెలలుగా అని అడిగితే వేళ్ళు మడిచి నాలుగు చూపించింది. నాలుగు నెలలు! ఆ కోపంలో గుడ్లు అక్కడే గట్టు మీద పెట్టేసి, ఆమె రెక్క పట్టుకుని లేడీ డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఆవిడ పరీక్ష చేసింది. గర్భసంచి మూతి దగ్గర నుంచి శనగబద్దంత ముక్క తీసి, ముక్క కుళ్ళకుండా ఉంచే ఫార్మలిన్ పోసిన సీసాలో వేసి, మా ల్యాబులో ఇవ్వమని, నేను పనికి వెళ్ళిపోయాక వచ్చిన పిన్ని భర్త చేతికిచ్చింది.

ఆ సాయంత్రం సీసా రాలేదు. తెల్లవారి అడిగితే ఆయన నేల చూపులు చూశాడు. వెనక నుంచి దాదీ వచ్చింది.

"మట్టి చేసేశాం. ఒంట్లోంచి కోసిన ముక్కను ఈదులెంట తిప్పుతారా ఏంది? గోరు తీసినా, పన్ను పీకినా మేము మట్టికే ఇస్తాం. అది మనిషిలో బాగమే గదమ్మా."

కోపగించుకోవడానికి లేదు, ముసలామె ఎంత భక్తిగా చెప్పిందో! సీసాలోంచి తీసి పాతారా అని అడిగాను.

"మూత తీస్తే కళ్ళు మండిపోయినయ్. అట్టనే సీసాతోనే పెట్టేశా."

ఆ ఫార్మలిన్ ఘాటుకు నేను చేతులెత్తి దండం పెట్టాలి. పెరట్లో బట్టలుతికే నాపరాయి పక్కన తవ్వితే సీసా చెక్కుచెదరకుండా బయటపడింది. లోపల ముక్క తెల్లగా, భద్రంగా ఉంది. దాదీ మొహం మాడ్చుకుంది. పని అయిపోగానే తెచ్చి మళ్ళీ మట్టికిచ్చేస్తానని ఆమె చేతిలో చెయ్యేసి మాటిచ్చాను. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. మాటివ్వడం నాకు చాలా తేలిక.

రెండు రోజులకు మొదటి స్లైడు డాక్టరుగారి ముందు పెట్టాను. ఆయన చాలాసేపు చూశారు. కాన్సరే అన్నారు. అయినా ఇంకా కన్ను తీయలేదు.

"ఏ జాతిదో తేలడం లేదమ్మాయ్. ఎక్కువగా వచ్చేది స్క్వామస్. చర్మంలాగా పొలుసులు కట్టే కణాల నుంచి పుడుతుంది. అదే అయితే గుంటూరులో కరెంటు, అదే రేడియేషన్, పెట్టించొచ్చు. కానీ ఈ మూల చూడు, కణాలు చేతిగాజులాగా గుండ్రంగా నిలబడ్డాయి. జిగురు ఊరే గ్రంథుల నుంచి పుట్టిందేమో. అదైతే కరెంటును నమ్ముకుని కూర్చోకూడదు. చిన్నగా ఉన్నప్పుడే ఆపరేషన్ చేసి తీసేయాలి."

"ఎలా తెలుస్తుంది సార్?"

"మొహం చూస్తే తెలియనప్పుడు కడుపులో ఏముందో అడగాలి. గ్రంథి కణమైతే లోపల జిగురు దాచుకుంటుంది. జిగురుకు మాత్రమే పట్టే రంగొకటి ఉంది. వేసి చూద్దాం."

పెద్ద పెద్ద ఊళ్ళలో కణం లోపలి గుర్తులు పట్టడానికి ఇంకా సూక్ష్మమైన పరీక్షలు వస్తున్నాయని ఆయన పుస్తకాల్లో చదివి చెబుతుండేవారు. మాకున్నది ఆ రంగు సీసా ఒక్కటే. అది ఏదో పురుగుల్ని ఎండబెట్టి తీసే ఎరుపట. మేం రోజూ వాడే ఊదారంగేమో ఒక చెట్టు చేవ నుంచి వస్తుందట. ఒక చెట్టు, ఒక పురుగు, పిన్ని కోడి పెట్టిన గుడ్డు. ఈ మూడూ కలిసి ఆమె బతుకు తేల్చాలి. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు గగుర్పొడుస్తుంది.

మైనంలో మిగిలిన ముక్క చాలా కొంచెం. మొదటి నాలుగు పొరలు నా తొందరకు ముడతలు పడి నాశనమయ్యాయి. డాక్టరుగారు తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. మంచినీళ్ళు తాగి రమ్మన్నారు. వచ్చి, మాట్లాడకుండా, ఊపిరి బిగబట్టి, ఇంకో మూడు కోశాను. గోరువెచ్చటి నీళ్ళ మీద అవి ఉల్లిపొరల్లా తేలాయి. తెల్లసొన పూసిన పలకతో మెల్లగా ఎత్తాను. ఎండబెట్టి రంగు వేసి, ఆయనకిచ్చే ముందు ఆగలేక నేనే చూశాను.

ఊదా కణాల గుంపుల మధ్య గులాబీ రంగు చుక్కలు. ఒక్కో కణం పొట్టలో ఒక్కో చుక్క, తడిగా, మెరుస్తూ. నా జన్మలో అంత అందమైనది చూడలేదు.

"అబ్బ, ఎంత బాగుందో సార్!" అని అరిచాను.

అరిచాక గుర్తొచ్చింది, అది ఎవరిదో. సిగ్గుతో చచ్చిపోయాను. కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే కూడా మళ్ళీ చూడాలనే అనిపించింది. అదేం బుద్ధో నాకు తెలియదు. డాక్టరుగారు చూసి, "నిజమే, బాగుంది" అన్నారు మెల్లగా. గ్రంథి జాతి అని రిపోర్టులో రాసి, సంతకం చేసి, ఆలస్యం చేయొద్దని పిన్ని భర్తకు మూడుసార్లు చెప్పారు.

పది రోజుల్లో గుంటూరులో ఆపరేషన్ అయింది. జబ్బు ఇంకా పాకలేదన్నారు. పిన్ని మెత్తబడి, చిక్కి, మాటల పొదుపుతో తిరిగొచ్చింది. కోలుకోవడానికి ఎండాకాలం మొత్తం పట్టింది. వానలు మొదలయ్యాక ఒకరోజు గుడ్ల బుట్టతో ల్యాబుకొచ్చింది. డాక్టరుగారే పిలిచి మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టారు. ఒక కన్ను మూసుకోవడం రాక కొంగుతో కప్పుకుని చూసింది.

"ఇది నాదేనా?"

"నీదే పిన్నీ. దాన్ని అంటించింది కూడా నీ కోడి గుడ్డే."

"నన్ను సంపబొయ్యిందానికి ఇంత సోకేంది!" అని, ఇంకోసారి వంగి చూసింది.

ఇక దాదీ. ఆమె మరిచిపోయే మనిషి కాదు. ప్రతి శుక్రవారం అడిగేది, ముక్క ఏదని. ఇచ్చేద్దామని డాక్టరుగారిని అడిగితే కుదరదన్నారు. జబ్బు తిరగబెడితే కొత్తదాన్ని పాతదానితో పోల్చి చూడాలి. ఇదే జాతా, ఇంకోటా అని తేల్చాలి. మిగిలిన ముక్క ఉన్న మైనం దిమ్మె బీరువాలో ఉండాల్సిందే. చేతిలో చెయ్యేసి చెప్పిన మాట బరువు నాకు అప్పుడు తెలిసింది. దొంగలాగా ఇంటికెళ్ళి, ఆమె మంచం పక్కన కూర్చుని, ఉన్నదున్నట్టు చెప్పేశాను.

దాదీ జపమాల తిప్పడం ఆపింది.

"అంటే, అది పైనుంటేనే మా కోడలికి మంచిదంటావు?"

"అవును దాదీ. మళ్ళీ అవసరం పడితే అదే సాక్ష్యం చెప్పాలి."

పెరటి వైపు చూసింది. నాపరాయి పక్కన గుంట పూడ్చకుండా అలాగే ఉంచింది ఇన్నాళ్ళూ.

"అయితే ఉండనియ్. మట్టి యాడికి పోద్ది? కాసుకుంటది."

ఆ సాయంత్రమే గుంట పూడ్పించింది. రెండేళ్ళ తర్వాత ఒక చలికాలం పొద్దున ఆమే మట్టిలో కలిసిపోయింది. ల్యాబులో పనిచేసినన్నాళ్ళూ నేను ఏడాదికోసారి బీరువా తీసి ఆ దిమ్మె ఉందో లేదో చూసుకునేదాన్ని. పోల్చి చూడాలి ఇమ్మని గుంటూరు నుంచి ఎవరూ అడగలేదు. పిన్ని మాత్రం వారం వారం గుడ్లు తెస్తూనే ఉంది.