గేటు దగ్గర అప్పగించిన పిట్టలు

మొన్న ఆదివారం గుడి నుంచి వచ్చి చెప్పులు విడుస్తున్నానో లేదో, మస్కట్ నుంచి మనుమరాలి ఫోను. అది తనంతట తాను ఫోను చేసిందంటే ఏదో అవసరం పడిందనే అర్థం, లేకుంటే వాళ్ళమ్మ పక్కనుంచి ఒక్క క్షణం మొహం చూపించి మాయమైపోయే రకం. ఈసారి అవసరం పిట్టలతో పడింది. ఎక్కడెక్కడి పిల్లలో కలిసి ఫోనులో వేషాల ఆట ఒకటి ఆడుతున్నారట, ఒక్కొక్కరు ఒక్కో పాటపిట్టగా మారి, ఆ పిట్ట గుణం ప్రకారమే మాట్లాడాలట. "అమ్మమ్మా, నేను ఏ పిట్టనైతే మంచిగుంటది? ఎవ్వరూ తీసుకోనిది చెప్పు" అంది. నేను మొదలుపెడితే ఆగే మనిషిని కాను కదా, అడిగినదానికంటే ఎక్కువే చెప్పినట్టున్నాను, మధ్యలోనే దానికి ఎవరో స్నేహితురాలి పిలుపు వచ్చి పెట్టేసింది. మా ఆయన పోయాక, మంచిర్యాలలోని ఈ ఇంట్లో మాట మధ్యలో ఆగిపోవడం నాకు అలవాటే. అయినా ఆ రోజు చెప్పకుండా మిగిలిన మాటను మాత్రం ఇలా కాగితం మీద పెడుతున్నాను.

ఆ ఆట మేం ఎప్పుడో ఆడాం. నన్ను కన్న అవ్వ నా చిన్నతనంలోనే పోయింది, బాపు గల్ఫుకు పోతూ పోతూ నన్ను కరీంనగర్లో మిషను వాళ్ళ ఆడపిల్లల హాస్టల్లో చేర్చాడు. చొప్పదండిలో నాయనమ్మ ఉన్నా ఆమె మోకాళ్ళు బస్సు మెట్లు ఎక్కనిచ్చేవి కావు. హాస్టల్లో చదువుకున్నవాళ్ళకు ఆదివారం మధ్యాహ్నం అంటే ఏమిటో నేను వేరే చెప్పక్కర్లేదు. ఆరాధన అయిపోగానే గేటు తెరిచేవారు, తల్లిదండ్రులు సకినాల డబ్బాలతో, సర్వపిండి మూటలతో వచ్చేవారు, ఆయమ్మ వరండాలో నిలబడి ఒక్కో పేరు పిలిచేది. పేరు వినపడేదాకా ఊరికే కూర్చుంటే ఏడుపు వస్తుందని, ఎప్పటి పిల్లలు కనిపెట్టారో గాని, పిట్టలాట మాకు అప్పటికే తయారుగా ఉంది.

ఆటకు ముందు పిట్టలను పంచుకునేవాళ్ళం. గిజిగాడైన పిల్ల చేతులు ఊరికే ఉంచకూడదు, గడ్డిపోచలతో ఏదో ఒకటి అల్లుతూనే ఉండాలి. పిగిలిపిట్ట జుట్టు నిక్కబొడుచుకుని ప్రతిదానికీ పేచీ పెట్టాలి, దానికి మాలో పోటీ ఎక్కువ, ఎందుకంటే ఆ ఒక్క పూట ఎవరితో పోట్లాడినా తప్పు లేదు. పసులపోలిగాడు తనకంటే పెద్ద గద్దనైనా తరుముతుంది కాబట్టి, ఆ పిట్టను తీసుకున్న పిల్ల వార్డెనమ్మ వస్తే చిన్నవాళ్ళకు అడ్డం నిలబడాలి. తేనెపిట్ట ఒక్కచోట నిలవకూడదు. కోయిలను మాత్రం ఎవరూ తీసుకునేవారు కాదు. పాట ఎంత బాగున్నా అది పరాయి గూట్లో పెరిగే పిట్ట, హాస్టలు పిల్లలకు ఆ సంగతి ఎవరూ గుర్తు చేయక్కర్లేదు.

అసలు నియమం ఒకటుంది. పేరు పిలవగానే పరుగెత్తడానికి వీల్లేదు, తన పిట్టను ఇంకొకరికి అప్పగించి పోవాలి. గుప్పిళ్ళు మూసి ఎదుటిపిల్ల దోసిట్లో పెట్టి, ఒక్కసారి ఆ పిట్ట కూత కూసి, "జర పైలం" అని జాగ్రత్త చెప్పి గేటు వైపు ఉరకాలి. తీసుకున్న పిల్ల ఇక ఆ పిట్ట పని కూడా చేయాలి. అలా పొద్దు వాలేకొద్దీ ఎవరూ రానివాళ్ళ దగ్గర పిట్టలు పోగవుతుండేవి. ఒక చేత్తో గడ్డి అల్లుతూ, పేచీ పెడుతూ, గద్దను తరుముతూ, ఇన్ని కూతలూ ఒక్కదాన్నే కూస్తుంటే చూసేవాళ్ళకు ఎంత నవ్వో! ఆ వేషంలో ఉన్నప్పుడు నేనూ నవ్వేదాన్ని.

నాతోపాటు ఎప్పుడూ మిగిలే ఇంకో పిల్ల ఉండేది, భైంసా పిల్ల. వాళ్ళ నాయన పత్తి మార్కెట్లో హమాలి, అంత దూరం నుంచి వచ్చే తీరిక ఆయనకు ఉండేది కాదు. మాటకు ముందొక మరాఠీ ముక్క, వెనకొక మరాఠీ ముక్క, అందరూ వెక్కిరిస్తే వాళ్ళ వెక్కిరింతనే అచ్చంగా తిరిగి కూసి చూపించేది. గోరింకకు ఆ గుణమే కదా, విన్న కూతనల్లా పట్టుకుంటుంది. పైగా అది జంట పిట్ట. అందుకని మేమిద్దరం కలిసి ఒకే గోరింకను తీసుకున్నాం. మిగిలినవాళ్ళు అప్పగించి పోయిన పిట్టలను చెరిసగం పంచుకునేవాళ్ళం. చెప్పుకోవడానికి సిగ్గు గాని, కొన్ని ఆదివారాలు, నా కోసం ఎవరైనా వచ్చినా సరే, నా పేరు పిలవకపోతేనే బాగుండునని అనుకునేదాన్ని.

పత్తి ఏరే రోజుల్లో ఒక ఆదివారం ఆయమ్మ దాని పేరు పిలిచింది. వాళ్ళ చిన్నాయన వచ్చాడు, తల్లికి బాగా లేదట, ఇంట్లో వండిపెట్టే దిక్కు లేదట. ఆ పిల్ల తన దగ్గరున్న పిట్టలన్నీ ఒక్కొక్కటే నా దోసిట్లో పెట్టింది. గోరింక దగ్గరికి వచ్చేసరికి చేయి వెనక్కి తీసుకుంది. "గిది నాకాడనే ఉండనియ్యే, మల్లొస్త గదా" అంది. చిన్నాయన పెట్టె కూడా తీసుకుపోతుండడం నేను చూశాను, ఆ పిల్ల చూడలేదు. మళ్ళీ రాలేదు. ఆ తర్వాత నేను ఎప్పుడూ గోరింకను తీసుకోలేదు, ఇంకెవరినీ తీసుకోనిచ్చేదాన్ని కాదు.

చాలా ఏళ్ళకు, పంతులమ్మనయ్యాక, పదో తరగతి పరీక్షల డ్యూటీ భైంసాలో పడింది. మార్కెట్లో అడిగి అడిగి ఆ హమాలి ఇల్లు పట్టుకున్నాను. పెద్దవాళ్ళిద్దరూ పోయారు, ఇంట్లో ఆమె వదిన ఉంది. పెండ్లయి మొగని మగ్గం పని వెంట భివండికి పోయిందని, అక్కడినుంచి ఇంకెక్కడికో మారారని, జాడ తెలియదని చెప్పింది. నేను లేవబోతుంటే, హాస్టల్లో కలిసి చదువుకున్నామన్న మాటకు కాబోలు, ఆమెకు ఏదో గుర్తుకొచ్చింది. "గా పొల్లకు ఒక అలవాటు ఉండె అక్కా. ఐతారం వచ్చిందంటె పెరట్ల ఒక్కతె కూసోని పిట్టల లెక్క కూస్తుండె. ఒక్క పిట్ట కాదు, అన్ని తీర్ల కూతలు. ఎందుకే పిల్లా అంటె, నా సోపతి పిల్ల గీడ లేదు, అన్ని నేనే కూయాలె అంటుండె. మేం పరేషాన్ అయినం, గాలి సోకిందేమో అని."

అప్పటిదాకా గేటు లోపల మిగిలిపోయినదే ఒంటరిదనుకున్నాను, పేరు పిలిచి తీసుకుపోయినవాళ్ళు ఆ గేటు దాటగానే నవ్వుకుంటూ పోతారనుకున్నాను.

ఇప్పుడు ఎవరూ ఎవరి పిలుపు కోసమూ వరండాలో కూర్చోనక్కర్లేదు. మా అమ్మాయి గల్ఫులోనే ఉన్నా, అప్పట్లో బాపు ఉత్తరం కోసం ఎదురుచూసినట్టు ఇప్పుడు నేను చూడడం లేదు, వేలు ఆనిస్తే మొహం కనబడుతుంది. మొన్న ఫోనులో ఆ భైంసా పిల్ల సంగతి కూడా చెప్పబోయాను, పేరు కొట్టి వెతికితే దొరుకుతుందని మనుమరాలు అప్పుడే అంది. కొట్టి చూశాను కూడా. ఆ పేరుతో ఎందరో ఉన్నారు, నా వయసువాళ్ళే, పూల బొమ్మలు పెట్టుకుని, మనుమల ఫొటోలు పెట్టుకుని. ఒకే ఆదివారం, ఒకే ఆటను, ఆమె భైంసాలో, నేను కరీంనగర్లో, ఎవరికి వాళ్ళం ఒక్కళ్ళమే ఆడుకున్నామన్న సంగతి ఇప్పుడు నాకు తెలుసు. ఆమెకు తెలియదు.