మా బాబాయికి వ్యాక్స్ పెట్టడం రాదు

మా బాబాయికి కారుకి మెరుపు కోసం వ్యాక్స్ పెట్టడం రాదు. రాదంటే మామూలుగా రాకపోవడం కాదు. ప్రతి ఆదివారం పెడతాడు, ప్రతి ఆదివారం చెడగొడతాడు. పోయిన వారం తప్పు మళ్ళీ చెయ్యకుండా కొత్తది కనిపెడతాడు. ఒక పనిని ఇంత శ్రద్ధగా నేర్చుకోకుండా ఉన్న మనిషిని నేనింకెక్కడా చూడలేదు.

పోనీ ఆయనేమన్నా మోటు మనిషా అంటే, కాదు. చేసేది వాచీల రిపేరు. కంటికి ఆనని స్క్రూలు పట్టకారుతో తీసి మళ్ళీ అక్కడే కూర్చోబెట్టే చెయ్యి అది. ఆదివారం పొద్దున వ్యాక్స్ డబ్బా మూత తీసేసరికి ఆ చేతికి ఏ గాలి సోకుతుందో తెలీదు. అడిగితే, "వారమంతా జాగ్రత్త పడీ పడీ, ఆదివారానికి నా దగ్గర జాగ్రత్త అయిపోతుందే," అనేవాడు.

ఉద్యోగం కోసం నేను వాళ్ళింట్లో దిగిన మొదటి ఆదివారమే ఈ వైభవం కళ్ళారా చూశాను. కారు మండుటెండలో ఉంది. బానెట్ ముట్టుకుంటే చురుక్కుమంటోంది. దానిమీద వేలెడు మందాన వ్యాక్స్ పూసి, బాబాయి హాయిగా పేపరు చదువుకుంటున్నాడు. తుడుద్దామని లేచేసరికి అది కాస్తా అట్టకట్టుకుపోయింది.

"ఏవండీ, మీకు బుద్ధుందా?" పిన్ని గుమ్మంలోంచి వీధంతా వినబడేలా కేకేసింది. "ఎండలో పూయొద్దని డబ్బా మీద గొడుగు బొమ్మేసి మరీ చెప్పాడు కదా!"

"గొడుగు చూశానే. వానలో పూయొద్దన్నాడేమో అనుకున్నా."

"ఇప్పుడేం చేస్తారు?"

"నేనేం చేస్తాను? బావని పిలుస్తాను." బాబాయి పక్కింటి గోడ దగ్గరికెళ్ళి గొంతెత్తాడు. "బావా! ఓ బావా! కొంప మునిగింది!"

ఆ బావ పిన్నికి సొంత అన్నయ్య, నాకు మావయ్య. జనానికి కారు నడపడం నేర్పేవాడు. ఆ వీధిలో స్టీరింగు పట్టిన ప్రతివాళ్ళూ ఒకప్పుడు ఆయన చేత తిట్లు తిన్నవాళ్ళే. తర్వాత చూపు పోతూ పోతూ వెలుగూ నీడా తప్ప ఏమీ తెలియని స్థితికి వచ్చింది. నేర్పే కారు అమ్మేసి, ఇంట్లోకెళ్ళి తలుపేసుకున్నాడు. ఒంటరి మనిషి. చెయ్యి పట్టుకుని అలా బయటికి తీసుకెళ్తానని పిన్ని అంటే ఒంటికాలి మీద లేచేవాడు. "నేనేమన్నా చంటిపిల్లాడినా?" అనేవాడు. తింటున్నాడో లేదో, ఆ చీకటింట్లో ఒక్కడూ ఏమైపోతాడో అని పిన్నికి బెంగ.

బాబాయి కేకకి మాత్రం ఆ తలుపు తెరుచుకుంది. గోడ తడుముకుంటూ మావయ్య వచ్చాడు. ఆయనకంటే ముందు తిట్లొచ్చాయి.

"ఈసారేం తగలబెట్టావురా బావమరిదీ?"

"ఎండిపోయింది బావా. ఊడి రావట్లేదు."

మావయ్య బానెట్ మీద అరచెయ్యి ఆనించి చటుక్కున తీసేశాడు. "ఇది కారా, పెనమా? ముందు నీడలోకి తొయ్యి. గోకావంటే చేతులు విరగ్గొడతా. చల్లారాక ఎండినదాని మీదే కొత్త వ్యాక్స్ పల్చగా రాయి. కొత్తది తగిలితే పాతది మెత్తబడుతుంది. రెండూ కలిపి వెంటనే తుడిచెయ్. బ్రేక్! బ్రేక్ వెయ్యి!" బాబాయి వేలి మీద ముద్ద తడిమాడు. "అంత తీస్తావేంటి, గోడకి సున్నం వేస్తున్నావా?"

ఆ తర్వాత వారం, కారు తలుపు సందుల్లో వ్యాక్స్ గడ్డలు గడ్డలుగా ఇరుక్కుంది. "పాత టూత్‌బ్రష్షు తే," అన్నాడు మావయ్య. ఇంకో వారం, నూగు రాలే తువ్వాలుతో తుడిచి కారుకి మీసాలూ గడ్డాలూ మొలిపించాడు బాబాయి. మరో వారం అంతా జిగటే. "తడిగుడ్డ పిండి తుడు. ఫస్ట్ గేర్‌లో, ఫస్ట్ గేర్‌లో! నీకు వాచీలు ఎవడిస్తున్నాడురా?" అంటూ మావయ్య వేళ్ళు కారంతా తిరిగేవి. ఎక్కడ ఏ లోపమున్నా దొరకబుచ్చుకునేవాడు. దొరికినప్పుడల్లా ఆ మొహం చూడాలి, అబ్బో!

అలా తిడుతూ తిడుతూ మా ఇంట్లోనే టిఫినూ, భోజనమూ అయ్యేవి. "మీ తెలివితక్కువతనం మూలంగా మా అన్నయ్యకి ఒక్క ఆదివారమన్నా విశ్రాంతి లేదు," అని పిన్ని బాబాయిని సాధిస్తూనే అన్నయ్యకి మారు వడ్డించేది.

ఇలా ఉండగా ఒక ఆదివారం, ఎక్కడినుంచో పెద్ద కళ్ళ డాక్టరు వచ్చాడని, ఆపరేషన్ పనికొస్తుందేమో చూపిద్దామని పిన్ని మావయ్యని బతిమాలి ఒప్పించింది. బాబాయి కారు తాళాలు తీస్తే మావయ్య ఒప్పుకోలేదు. "నీ కారెక్కితే కళ్ళతోపాటు ఒళ్ళు కూడా చూపించుకోవాలి," అని పిన్నితో టాక్సీలో వెళ్ళిపోయాడు.

కాసేపయ్యాక నేను బాల్కనీలోకి వచ్చి కిందికి చూద్దును కదా, నీడలో కారు. బాబాయి వేలికొసతో చిటికెడు వ్యాక్స్ తీసి, పల్చగా, కొంచెం కొంచెం మేర పూస్తున్నాడు. ఆరిందో లేదో వేలితో చూసుకుంటున్నాడు. మెత్తటి గుడ్డ తిప్పి తిప్పి తుడుస్తున్నాడు. కారు అద్దంలా మెరిసిపోతోంది. గబగబా మెట్లు దిగాను.

"బాబాయ్! నీకు వచ్చా?"

ఉలిక్కిపడి గుడ్డ వెనక్కి దాచుకున్నాడు. "అరవకే! మీ పిన్ని వింటుంది."

"పిన్ని ఆస్పత్రిలో ఉంది."

"అయినా వింటుంది."

"మరి ప్రతివారం ఆ దరిద్రమంతా ఏంటి?"

"ఏం చెయ్యమంటావే? సాయం చేస్తానంటే తలుపేసుకుంటాడు. సాయం కావాలంటే పరిగెత్తుకొస్తాడు. ఇవాళెలాగూ ఆయన లేడు కదా అని... ఒక్కసారన్నా నా కారు శుభ్రంగా ఉంటే చూసుకోవాలని నాకుండదా?"

నాకు ఇంకో అనుమానం వచ్చింది. "అయితే ఆ నల్ల బంపరుకి ఎప్పుడూ అంటించవేం? తెల్లమచ్చలు పడతాయి కదా. అందరూ చేసే తప్పు అదేగా?"

బాబాయి గుడ్డ మడత పెట్టుకుంటూ, "అది కళ్ళకి కనబడే తప్పే. చేతికి తగలదు," అన్నాడు.

గరుకూ, జిగటా, గడ్డలూ, నూగూ. ఇన్నాళ్ళూ మావయ్య వేళ్ళకి అందే తప్పులే ఏరి ఏరి చేశాడీ మనిషి. ఆ వ్యాక్స్ చేతులతో సహా వాటేసుకోవాలనిపించింది.

అంతలో టాక్సీ ఆగింది. పిన్ని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మమ్మల్ని చూసి తల అడ్డంగా ఊపింది.

"లాభం లేదన్నాడు," మావయ్యే చెప్పాడు, మామూలుగా. "నేను పడుకుంటా. ఇవాళే కాదు, ఇంకెప్పుడూ నన్నెవరూ పిలవకండి." అని తన గేటు వైపు తిరిగాడు.

"బావా! ఒక్కసారి కారు..." అన్నాడు బాబాయి కంగారుగా.

మావయ్య ఆగాడు. "ఏమైంది?"

ఏమీ కాలేదు. అదే వచ్చిన చిక్కు! మావయ్య చెయ్యి అప్పటికే బానెట్ మీదికి వచ్చింది. జర్రున జారింది. ఇంకొంచెం ముందుకి పోనిచ్చాడు. ఎక్కడా ఏమీ తగల్లేదు.

"బాగానే ఉంది కదరా," అన్నాడు నెమ్మదిగా. "నేర్చేసుకున్నావన్నమాట. ఇంక నాతో పనేముంది?"

ఏదో ఒకటి చెయ్యాలని నేను డబ్బా కోసం వెతికితే, అది అప్పటికే పిన్ని చేతిలో ఉంది. మా ఇద్దరినీ కాల్చేసేలా చూసి, బొటనవేలితో ఇంత ముద్ద తీసి, మావయ్య చెయ్యి చేరేలోపు కారు తలుపు మీద చప్పుడు కాకుండా అద్దింది. ఓసి పిన్నీ! అంటే ఆదివారం ఆదివారం నువ్వేసిన కేకలన్నీ గోడ అవతలికి వినబడడానికేనా!

మావయ్య చెయ్యి ముద్దలో దిగబడింది. తడిమి తడిమి చూశాడు.

"ఇది బావమరిది పని కాదే. వాడు చెడగొట్టినా గుండ్రంగా చెడగొడతాడు. ఎవరిదిది?"

"నాదే అన్నయ్యా," అంది పిన్ని. "నేనూ నేర్చుకుందామని."

"నువ్వా? నీకు క్లచ్చు నేర్పేసరికే నా తల ప్రాణం తోకకొచ్చింది!"

"అయితే నేర్పవా?"

మావయ్య వేళ్ళ మధ్య ఆ వ్యాక్స్ నలుపుతూ నిలబడ్డాడు. తర్వాత చొక్కా చేతులు పైకి మడిచాడు.

"గుడ్డ పట్టుకో," అని పిన్ని చెయ్యి తడిమాడు. "అలా కాదు, నాలుగు మడతలెయ్. అమ్మాయ్, నువ్వూ రా. బావమరిదీ, నువ్వు మాత్రం దూరంగా ఉండు. నీ నీడ పడినా చెడుతుంది."

"అలాగే బావా," అన్నాడు బాబాయి, మొహమంతా నవ్వుతో.

ఆ ఒక్క మచ్చ తుడవడానికి మా అందరికీ సాయంత్రం దాకా పట్టింది.