పట్టుగుడ్డ అతికిన స్పీకర్

అది 1984 ఎండాకాలం. ధర్మవరంలో స్టేషన్‌కు పోయే దారిలో నాకు రేడియో రిపేరు షాపు ఉండేది. రేడియోలు, టేపురికార్డర్లు, పెళ్లిళ్ల మైకుసెట్లు, ఏది మొరాయించినా నా బల్ల మీదికే వచ్చేది. పన్నెండేళ్లు సోల్డరింగ్ పొగ పీల్చినవాణ్ని కాబట్టి, శబ్దం గురించి నాకు తెలియనిది లేదని గట్టి నమ్మకం. ఓబులేసు తెచ్చిన పెట్టె ఆ నమ్మకాన్ని నాలుగు రోజుల్లో దులిపేసింది.

ఓబులేసు పట్టుచీరలు నేసేవాడు. పెళ్లిళ్ల రోజుల్లో ఊళ్లోని ఆర్కెస్ట్రాలో బేస్ గిటార్ వాయించేవాడు. నాలుగు లావు తీగల గిటార్ అది. పాటకు అడుగున నిలబడే లోతు స్వరం దానిది. ఒక బుధవారం పొద్దున సైకిల్ క్యారియర్ మీద, తువ్వాలు చుట్టిన పెట్టెతో దిగాడు. ఇంట్లో సాధన చేసుకోవడానికి అమ్మే ప్రాక్టీస్ యాంప్లిఫయర్ అది. యాంప్లిఫయర్, ఎనిమిది అంగుళాల స్పీకర్ ఒకే పెట్టెలో ఉంటాయి. బెంగళూరులో అన్నిటికన్నా చవకది చూసి కొన్నాడు.

"ఏమైందప్పా?" అన్నాను.

"చెడిపోలేదన్నా. కొన్నప్పటి నుంచీ ఇంతే. మోగుతాది గానీ బేస్ వినపడదు. రేకుడబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు ఉంటాది. మా లీడర్ ఆర్గన్ వాయిస్తాడు కదా, నిన్న అందరి ముందరా అనేసినాడు. నువ్వు వాయించినా ఒకటే, వాయించకున్నా ఒకటే అని. ఆదివారం ప్రాక్టీసులో గూడా ఇట్లే ఉంటే రావద్దంట. ఎడమచేత్తో బేస్ గూడా తానే వాయిస్తాడంట." తువ్వాలు విప్పి పెట్టెను నా బల్ల మీద పెట్టాడు. "ఆరేండ్లు నేర్చుకున్యా అన్నా ఇది. మగ్గంలో కూచున్నా నా చెవి ఆ తీగల మీదే ఉంటాది."

ఆ మాట నాకు గుచ్చుకుంది. "ఆదివారానికి దీన్ని పలికించకపోతే నా పేరు రామాంజి కాదు" అన్నాను.

పెట్టె విప్పితే దొంగ వెంటనే దొరికాడు. యాంప్లిఫయర్‌కూ స్పీకర్‌కూ మధ్య ఒక కెపాసిటర్ ఉంటుంది. అది చిన్నదైతే సన్న స్వరాలను పోనిచ్చి, లోతు స్వరాలను ఆపేస్తుంది. ఖర్చు తగ్గించడానికి ఇందులో వంద మైక్రోఫారడ్‌లది పెట్టారు. తీసేసి వెయ్యిది వేశాను. ఓబులేసు లావు తీగ మీటగానే బల్ల మీది స్క్రూలు కదిలాయి. నాకు ఛాతీ ఉబ్బిపోయింది.

"పెంచప్పా, ఇంకా పెంచు!" అన్నాను.

పెంచాడు. స్పీకర్‌లోని కాగితపు కోన్ ఎగిరెగిరి పడి, ఫట్‌మని అంచు పొడుగునా చినిగింది.

ఓబులేసు తీగ మీద చెయ్యి అట్లే పెట్టి నిలబడిపోయాడు. నాలుగు తిట్లు తిట్టి ఉంటే నాకు కొంత నయంగా ఉండేది.

గురువారం పొద్దున అనంతపురం పోయి, బస్టాండు చుట్టుపక్కల షాపులన్నీ తిరిగాను. రేడియోలకు వేసే చిన్న స్పీకర్లు తప్ప ఎనిమిది అంగుళాలవి లేవు. బెంగళూరుకు ట్రంక్‌కాల్ చేస్తే వచ్చే వారం సరుకు వస్తుందన్నారు. తిరుగు బస్సులో కూర్చుని, అసలు కోన్ ఎందుకు చినిగిందని ఆలోచించాను. మా మెకానిక్కులందరికీ ఒక అలవాటు ఉంటుంది. తీగలు, పార్టులు చూస్తాం గానీ చెక్కపెట్టెను చూడం. ఆ పెట్టె వెనక భాగం బార్లా తెరిచి ఉంది. కోన్ ముందుకు తోసిన గాలి పక్కనుంచి వెనక్కు జారుకుంటే బేస్ అక్కడే చచ్చిపోతుంది. పైగా కోన్‌ను పట్టి ఆపే గాలి లోపల ఉండదు. అట్లాంటి పెట్టెలోకి నేను లోతు స్వరాలను ఒక్కసారిగా తోలాను. చింపింది నేనే.

చినిగిన స్పీకర్ చేతబట్టుకుని నేరుగా ఓబులేసు ఇంటికి పోయాను. ఆయన భార్య సుంకమ్మ మగ్గం దగ్గర కూర్చుని, పాత పడుగు కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటే మెలిపెట్టి అతుకుతోంది. వేల పోగులు. అయినా చేతులు ఆగడం లేదు.

"తప్పు నాదే ఓబులేసూ. ఆదివారంలోగా వేరే స్పీకర్ దొరకదు" అన్నాను.

సుంకమ్మ చెయ్యి చాపింది. "యాడ, ఇట్లియ్యన్నా." స్పీకర్‌ను వెలుతురుకు పెట్టి చూసింది. "నడుమ బాగానే ఉండాది. అంచే కదా పోయింది. గుడ్డ వేసి అతకరాదా?"

"ఇది చీర కొంగు కాదమ్మా, అతకడానికి" అన్నాను. నా నోటిదురుసు అట్లాంటిది.

ఆమె పట్టించుకోలేదు. "కాగితం ముడత కాడ చినుగుతాది. గుడ్డ చినగదు. నువ్వొకటి చెప్పన్నా. ఇది యాడ కదలాల, యాడ కదలకూడదు?"

పన్నెండేళ్లలో ఒక్క కస్టమరూ నన్ను ఆ ప్రశ్న అడగలేదు. నిజం చెప్పాలంటే నన్ను నేనూ ప్రశ్నించుకోలేదు. కోన్ ముందుకూ వెనక్కూ కదలాలి, పక్కలకు మాత్రం వెంట్రుకవాసి కూడా కదలకూడదు, కదిలితే లోపలి కాయిల్ ఇనుముకు రాసుకుంటుంది అని చెప్పాను.

"అట్లయితే పలచని పట్టుగుడ్డను ఐమూలగా, ఈ మూల నుంచి ఆ మూలకు కత్తిరించాల. పోగు నిలువునా సాగదు. ఐమూలగా అయితే సాగుతాది" అంది.

ఇక ముగ్గురం కూర్చున్నాం. పాత కాగితపు అంచును నేను బ్లేడుతో గుండ్రంగా తీసేశాను. కాయిల్ నడిమధ్యలో నిలిచేటట్టు దాని చుట్టూ పాత కెమెరా ఫిల్మ్ ముక్కలు దోపాను. సుంకమ్మ గుడ్డ చుట్టును ఎక్కడా ముడత లేకుండా వేలికొసతో ఒత్తుకుంటూ అతికింది. గాలి దూరకుండా గుడ్డకంతా సైకిల్ పంచర్‌లకు వాడే సొల్యూషన్ పలచగా పూశాం. అది ఆరడానికి శుక్రవారమంతా పట్టింది. నేను షాపులో ఉన్నానన్న మాటే గానీ, ఒక్క రేడియో ముట్టబుద్ధి కాలేదు.

శనివారం పెట్టె పని, అదీ ఓబులేసు ఇంట్లోనే. పాత మగ్గం పలక కోసి వెనక మూత వేశాం. మూస్తే లోపల వేడెక్కుతుంది కాబట్టి, ట్రాన్సిస్టర్లు బిగించిన రేకును బయటికి మార్చాను. లోపలి గరగర తగ్గడానికి పట్టుదారం వ్యర్థం కూరాం. వాయించి చూస్తే దుప్పటి కప్పినట్టు మూగగా వచ్చింది. నాకు తిక్క రేగింది. సగం పీకేశాను. అప్పుడు స్వరం విచ్చుకుంది గానీ ఎక్కడో సన్నగా జివ్వుమంటోంది. ఓబులేసు ఒకచేత్తో తీగ మీటుతూ, రెండోచేత్తో పెట్టెను అంగుళం అంగుళం తడిమాడు. "మగ్గంలో ఏ కట్టు వదులైనా ఇట్లే పట్టుకుంటామన్నా" అంటూ కిందిమూల చెక్క మీద వేలు పెట్టాడు. ఒక్క స్క్రూ బిగించాను. జివ్వుమనడం ఆగిపోయింది. ఏ వేలూ నొక్కకుండా లావు తీగను మళ్లీ మీటితే, గుంతమగ్గం అంచున కూర్చున్న సుంకమ్మ తలెత్తింది.

"నేలలోంచి వస్తాండాది" అంది.

ఆదివారం పొద్దున పెట్టె మోసుకుని నేనూ వెళ్లాను. లీడర్ దాని వంక చూసి, "రిపేరేనా, కొత్తదా?" అని పెదవి విరిచి ఆర్గన్ మీద చేతులు పెట్టాడు. పాట మొదలైంది. నేను గోడకానుకుని కోన్ వైపే చూస్తున్నాను. పట్టుగుడ్డ ఊపిరి పీల్చి వదులుతున్నట్టు కదులుతోంది. రెండో చరణం మధ్యలో ఓబులేసు ఉన్నట్టుండి చెయ్యి ఆపేశాడు. మళ్లీ చినిగిందేమోనని నేను పెట్టె దగ్గరికి వంగాను. పాడుతున్న పిల్ల తడబడి వెనక్కు తిరిగింది. లీడర్ చేతులూ ఆగిపోయాయి.

"ఏమప్పా, ఎందుకు నిలిపినావు?"

"ఏం లేదన్నా. వాయించకున్నా ఒకటే అంటివి కదా. చూద్దామని."

లీడర్ మళ్లీ ఆర్గన్ మెట్ల మీద వేళ్లు పెట్టాడు. "వాయించప్పా. నువ్వు లేకపోతే పాట బోసిగా ఉండాది" అన్నాడు.

అందరూ నన్ను మెచ్చుకున్నారు. సుంకమ్మ పేరు చెప్పాను గానీ, నమ్మినట్టు ఎవరూ కనబడలేదు. అది నాకు ఇప్పటికీ బాధే. సర్క్యూట్లు నేను పుస్తకాల్లో నేర్చుకున్నాను, అడగాల్సిన ప్రశ్న మాత్రం సుంకమ్మ దగ్గర నేర్చుకున్నాను. ఆ తర్వాత షాపు నడిపినన్నాళ్లూ ఏ పెట్టె నా బల్ల మీదికి వచ్చినా, స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు ఒక్క నిమిషం ఆగి నన్ను నేను ప్రశ్నించుకునేవాణ్ని, అచ్చం ఆమె అడిగినట్టే: ఇది యాడ కదలాల, యాడ కదలకూడదు?