పోయేవాటి పేర్లు

ఇందులో ప్రతి అక్షరమూ నిజమని బందరు సముద్రం మీద ఒట్టేసి చెబుతున్నాను.

చిలకలపూడిలో నెట్ సెంటర్ నడిపే మాస్టారు, లైనక్స్‌తో నడిచే తన కంప్యూటర్లలో ఏ ప్రోగ్రాం తీసేయాలన్నా, దాంతోపాటు పోయేవాటి పేర్లన్నీ గిలకలదిండి చేపల వేలంలా గట్టిగా చదివేవారు. "తొందరపడి 'సరే' కొట్టకయ్యా, లాగిన్ తెర కూడా ఊడిపోతుంది" అనేవారు.

ఒక కంప్యూటర్‌లో రెండు డెస్క్‌టాప్‌లు, అంటే లాగిన్ అయ్యాక ఎంచుకునే రెండు రకాల తెరలు, వాటి వాటి ప్రోగ్రాంలతో ఉండేవి. రెండోది మాస్టారి భార్య బతికుండగా వాడుకున్నది. డిస్కు నిండి మిషను మొరాయిస్తుంటే, దాన్ని తీసేయక తప్పలేదు. మొదటిదాంట్లోకి లాగిన్ అయి, పోయేవాటి పేర్లు చదువుతూ పేకముక్కల ఆట దగ్గర ఆగారు.

"మా ఆవిడ ఆడుకునేది ఇదేనయ్యా."

"పోనీ, ఉంచేయండి మాస్టారూ" అన్నాను.

ఆయన 'వద్దు' నొక్కారు.

నేను కల్పించింది ఆ చివరి ముక్కొక్కటే. ఆయన నొక్కింది 'సరే'. తెర మీద ఒక్కో పేరూ పోతుంటే మళ్లీ చదివారు. పెదవులు కదిలాయి గానీ, పక్కనే ఉన్న నాక్కూడా గొంతు వినబడలేదు.