ఊక మీద నిలిపిన కారు

ముదినేపల్లి చుట్టుపక్కల చర్చిలో పెళ్లంటే, పెళ్లికూతురు ప్రభుదాసు తెల్ల అంబాసిడర్‌లో దిగాల్సిందే. ముప్పై ఏళ్లుగా అదే అతని బతుకు, అదే అతని పరువు. వానాకాలం నాలుగు నెలలూ మాత్రం ఆ కారు కదలదు. కొల్లేటి తేమకు అడుగు తుప్పుపడుతుందని షెడ్డులో జానెడు మందాన ఊక పోసి, దానిమీద నిలబెట్టి పట్టా కప్పేస్తాడు. వారానికోసారి లోపల కూర్చుని బ్రేకు తొక్కి చూసేవాడు. ఈ ఏడు మోకాలి నొప్పితో అది మానేశాడు.

నవంబరులో పట్టా తీసేసరికి బ్రేకు ఆయిల్ సగానికి దిగిపోయి ఉంది. వంగి చూశాడు. ఊక మీద ఎక్కడా మరక లేదు. కారడం లేదులే అనుకుని, నిరుడు మూత తీసి అటకెక్కించిన సీసా దించాడు.

"పాతదేమోనండీ. అజయ్‌ని పిలిచి చూపించకూడదూ?" అంది భార్య సువర్ణ.

"ఆయిల్ పొయ్యడానికి మెకానిక్కెందుకే? కారుకి పూలదండ కట్టడానికీ అతన్నే పిలుద్దువుగాని!"

మర్నాడు ఉదయం వెనక సీట్లో పెళ్లికూతురు పెర్సిస్, పక్కన మేనత్త చంద్రకళ. చేపల చెరువుల మధ్య సన్నని గట్టురోడ్డు. గేదె అడ్డొస్తే ప్రభుదాసు బ్రేకు తొక్కాడు. పెడల్ మెత్తగా అడుగుదాకా దిగిపోయింది. మళ్లీ తొక్కాడు. మూడోసారికి కొంచెం పట్టింది. గేదె తప్పుకుంది.

ముందు తూము దగ్గర పల్లం. అక్కడ రోడ్డు ఎడమకు తిరుగుతుంది, ఎదురుగా ఉండేది నీళ్లే. మళ్లీ తొక్కితే ఈసారి ఏమీ పట్టలేదు. అద్దంలో పెర్సిస్ తెల్ల ముసుగు కనిపించింది. గేరు తగ్గించాడు, ఇంకా తగ్గించాడు. ఇంజను మూలిగింది.

"ఏవండీ ప్రభుదాసు గారూ, ఇలా పాకితే పెళ్లికొడుకు విసుగొచ్చి ఇంటికెళ్లిపోతాడండీ!" అని నవ్వింది చంద్రకళ.

ప్రభుదాసు హ్యాండ్‌బ్రేకు బలమంతా పెట్టి లాగాడు. మలుపులో, నీటికి రెండు బారల దూరంలో కారు ఆగింది.

చర్చి ఇంకో రెండు కిలోమీటర్లే. మెల్లగా పోనిస్తే ఎవరికీ తెలియదు. కానీ పెడల్ మీద కాలు పెట్టడానికే అతనికి ధైర్యం చాలలేదు.

"దిగండమ్మా. నా కారుకి బ్రేకుల్లేవు."

"అయ్యో, అంబాసిడర్‌లో దిగకపోతే ఎలాగండీ? ఊరంతా చూస్తారు!"

"అత్తా, ముందు నువ్వు దిగు," అంది పెర్సిస్, అప్పటికే తలుపు తీసి.

వెనక వస్తున్న చుట్టాల ఆటోలో వాళ్లు వెళ్లిపోయారు.

మధ్యాహ్నం అజయ్ వచ్చి ముందు ఎడమ చక్రం విప్పాడు. "నిలవుండి బ్రేకు సిలిండరులో రబ్బరు వాషరు ఎండి చీలింది, ఆయిలు అక్కణ్ణుంచే కారిందండి. మీరు పోసినదేమో ఏడాదిగా తేమ పీల్చిన ఆయిలు, వేడెక్కితే ఆవిరి పట్టి బ్రేకు పనిచెయ్యదు. ఎప్పుడైనా కొత్త సీసా, అదే గ్రేడు పొయ్యాలండి."

"మరి కింద మరక లేదేమయ్యా?"

అజయ్‌కీ తెలియలేదు. సాయంత్రం ప్రభుదాసు షెడ్డులో ఎడమ చక్రం నిలిచిన చోట ఊకలో చెయ్యి పెట్టాడు. పైన పొడిగానే ఉంది. లోపల జిడ్డుముద్ద వేళ్లకు అంటుకుంది. తేమ పీలుస్తుందని తను పోసిన ఊకే ఆయిలంతా తాగేసింది.

"ఊకలో ఏం వెతుకుతున్నారండీ?" అంది గుమ్మంలోంచి సువర్ణ.

"చీపురు పట్రా," అన్నాడు. ఊక రవ్వంతైనా మిగలకుండా ఊడ్చి, చక్రాలు నిలిచే నాలుగు చోట్లా తెల్లని అట్టముక్కలు పరిచాడు.